దివిటీ పట్టినవాడి పేరు

పాతకాలపు కూచిపూడి భాగవతంలో హిరణ్యకశిపుడు వస్తూనే కనపడడు. ఇద్దరు మనుషులు అడ్డంగా పట్టుకున్న తెర వెనక నుంచి ముందు గజ్జెల మోత వినపడుతుంది. కాసేపటికి తెర అంచుపైన కిరీటం కొస మెరుస్తుంది. ప్రవేశ దరువు ఊపందుకునే సరికి, పక్కన నిలబడ్డ దివిటీవాడు గుప్పెట్లోని గుగ్గిలం పొడిని మంట మీదికి విసురుతాడు. భగ్గుమని మంట పైకి లేస్తుంది. తెర తొలగేదీ సరిగ్గా అప్పుడే. ఆ వెలుగులో, ఆ పొగలో రాక్షసరాజు ఒక్క దుముకుతో జనం ముందు ఉంటాడు. ముందు వరసలో కూర్చున్న పిల్లలు తల్లుల ఒళ్లోకి దూరిపోతారు.

గుగ్గిలం చెట్టు బంక. గడ్డగా ఉంటే నిదానంగా కాలుతూ పొగ వేస్తుంది. మెత్తగా నూరి గాల్లోకి చల్లితే ప్రతి రేణువుకూ చుట్టూ గాలి దొరికి అంతా ఒక్కసారే అంటుకుంటుంది. ఐరోపా నాటకశాలల్లో ఇదే పనికి లైకోపోడియం అనే మొక్క రేణువుల పొడిని వాడేవారు. రెండు చోట్లా సూత్రం ఒకటే. దివిటీవాడికి ఆ రసాయనశాస్త్రం తెలియకపోవచ్చు, లెక్క మాత్రం బాగా తెలుసు. ఎంత పొడి తీసుకోవాలి, గాలి ఎటు వీస్తోంది, దరువులో ఏ దెబ్బకు విసరాలి అన్నవన్నీ చూసుకోవాలి. ఒక్క క్షణం ముందు విసిరితే తెర తొలగేలోగా వెలుగు అయిపోతుంది. ఆలస్యమైతే రాక్షసుడు మామూలు మనిషిలా నడిచొచ్చేస్తాడు. ఇప్పటి నాటకాలవాళ్లు లైటింగ్ క్యూ అని పిలిచేది దీన్నే.

అతని పని మంట లేపడంతో అయిపోదు. నటుడు ఎటు కదిలితే దివిటీ అటు కదలాలి. అభినయం పట్టేటప్పుడు దగ్గరికి జరగాలి, జతులు మొదలవగానే వెనక్కి తగ్గాలి. నటుడి చూపుకు అడ్డం రాకూడదు, నూనె బొట్టు బట్టల మీద పడకూడదు. ఆ ఆట వేషమంతా ఈ కదిలే పసుపు వెలుగును నమ్ముకునే తయారైంది. తేలికపాటి కొయ్యతో చేసిన భుజకీర్తులకూ కిరీటాలకూ బంగారు రేకు, అద్దపు ముక్కలు అతికించేవారు. మొహానికి అరదళం పూసేవారు. పట్టపగలు చూస్తే బొమ్మల కొలువు సామానులా కనిపించే ఆ నగలు, దివిటీ కదిలినప్పుడల్లా ఒక్కో చోట తళుక్కుమని రాచఠీవి తెచ్చేవి.

చాలా ఊళ్లలో దివిటీ పట్టడం చాకలివాళ్లకు అప్పగించిన పని. పెళ్లి ఊరేగింపులకూ దేవుడి ఉత్సవాలకూ పట్టినట్టే భాగవతానికీ పట్టేవారు. కళ అని ఎవరూ అనుకోలేదు, ఊడిగం అనుకున్నారు. కలాపం రాసిన సిద్ధేంద్రుడి పేరు నిలిచింది. మేళాల పేర్లు, గొప్ప వేషధారుల పేర్లు నిలిచాయి. రాత్రంతా వాళ్లను కనిపించేలా చేసినవాడి పేరు ఎక్కడా లేదు. తెలుగు రంగస్థలం మీద వెలుతురు చరిత్ర రాయబోతే మొదటి పుటలోనే ఎదురయ్యే ఖాళీ ఇది. ఈ ఖాళీలో కులం పాలు ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

భాగవతం వెలుతురు నటుడి ముందు ఉంటే, తోలుబొమ్మలాటలో వెనక ఉంటుంది. మేక తోలును వేణ్నీళ్లలో నానబెట్టి, వెంట్రుక గీకి, లాగి కట్టి ఆరబెడతారు. వెలుగు చొరబడేంత పలచగా అయ్యాక గీతలు గీసి రంగులు దిద్దుతారు. నగలు ఉండాల్సిన చోట చిన్న ఉలితో సన్నటి బెజ్జాలు కొడతారు. బొమ్మను పగటిపూట చేతిలో పట్టుకుని చూస్తే అవి ఒట్టి బెజ్జాలే. వెనక దీపం పెడితే కంఠహారాలు, వడ్డాణాలు. అంటే బొమ్మ చేసేవాడు ఉలి పట్టుకున్నప్పుడే దీపం ఎక్కడుంటుందో మనసులో పెట్టుకుని కొడుతున్నాడన్నమాట. మిగతా ప్రాంతాల తోలుబొమ్మల కన్నా ఆంధ్ర బొమ్మలు పెద్దవి. కొన్ని మనిషెత్తుకు దరిదాపుల్లో ఉంటాయి. చాలా చోట్ల నల్లటి నీడలే ఆడతాయి, ఇక్కడ రంగులే తెర మీద ఆడతాయి.

తెర వెనక ఆముదం దీపాల వరస ఉండేది. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే గీతలు పదునుగా, రంగులు నిండుగా కనిపిస్తాయి. దీపం వైపు జరిపితే ఆకారం పెరిగి, అంచులు చెదిరి, మసకబారుతుంది. హనుమంతుడు ఉన్నట్టుండి పెరిగిపోవాలన్నా, మాయలేడి కళ్లముందే కరిగిపోవాలన్నా ఈ జానెడు దూరమే సాధనం. ఆడకుండా ఊరికే నిలబడాల్సిన బొమ్మలను ఈతముళ్లతో తెరకు గుచ్చేవారు. గాలికి దీపం రెపరెపలాడితే అవి కూడా ఊపిరి పీల్చుకుంటున్నట్టే ఉండేవి. ఆ రెపరెపను లోపమనుకుని దీపాలకు అడ్డాలు కట్టిన వాళ్లున్నారేమో గానీ, చూసేవాళ్లకు బొమ్మకు ప్రాణం ఉన్నట్టు అనిపించడంలో దాని పాలు తక్కువ కాదు.

తర్వాత పెట్రోమాక్సు లైటు వచ్చింది, ఆ తర్వాత కరెంటు బల్బు వచ్చింది. తెర బాగా వెలిగింది, దూరంగా కూర్చున్నవాళ్లకూ కనిపించింది. రెపరెప పోయింది. ఆట కూడా పలచబడింది, దానికి కారణం లైట్లు కాదు, సినిమా. ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గరున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలాడించే కుటుంబాలు బతుకు కోసం ఆ తోలునే దీపాలకు కప్పే షేడ్లుగా చేయడం మొదలుపెట్టాయి. ఆ పల్లె కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పట్నాల్లో ఇళ్లు అలంకరించేవాళ్లు ఆ షేడ్లు కొని సోఫా పక్కన పెట్టుకుంటున్నారు. లోపల బల్బు వేస్తే రాముడో, నెమలో గోడ మీద పడుతుంది. తోలు అదే, బెజ్జాలు అవే. కథ చెప్పే గొంతే లేదు.

ఇక నాటకం సంగతి. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ఆడి వెళ్లింది. వాళ్లు వదిలి వెళ్లిన పాకలోనే కందుకూరి వీరేశలింగం తన శిష్యులతో నాటకాలు ఆడించారు. ఆ పాకల్లో నూనె దీపాలు, కిరసనాయిలు దీపాలే దిక్కు. సరిగ్గా ఆ రోజుల్లోనే లండన్‌లో ఏం జరుగుతోందో చూస్తే తమాషాగా ఉంటుంది. అక్కడ పెద్ద నాటకశాలల్లోకి 1817లోనే గ్యాసు దీపాలొచ్చాయి. ఒక్క మనిషి ఒక బల్ల ముందు కూర్చుని గొట్టాల మరలు తిప్పుతూ మొత్తం రంగస్థలాన్ని వెలిగించగలడు, మసక చేయగలడు. వెలుతురును నెమ్మదిగా తగ్గించడం, పెంచడం అనేది ఒకరి చేతిలోకి వచ్చింది అప్పుడే. సున్నపు దిమ్మను ఆక్సిజన్, హైడ్రోజన్ మంటలో కాల్చి పుట్టించే తెల్లటి వెలుగు 1837లో కోవెంట్ గార్డెన్ నాటకశాలకు చేరింది. నటుడి వెంట తిరిగే వెలుగు పుంజం అక్కడివాళ్లకు అలా దొరికింది. మన దివిటీవాడు ఆ పని ఎప్పటి నుంచో చేస్తూనే ఉన్నాడు.

గ్యాసుకు ప్రమాదమెక్కువ. 1881 డిసెంబరు 8న వియన్నాలోని రింగ్ థియేటర్ తగలబడి వందల మంది చనిపోయారు. ఇరవై రోజుల తర్వాత, డిసెంబరు 28న, లండన్ సవాయ్ థియేటర్ తన రంగస్థలాన్ని కరెంటు బల్బులతో వెలిగించింది. హాలుకూ వేదికకూ కలిపి దాదాపు 1,200 బల్బులు. యజమాని రిచర్డ్ డోయ్‌లీ కార్ట్ వేదిక మీదికొచ్చి, వెలుగుతున్న బల్బుకు పలచటి మస్లిన్ గుడ్డ చుట్టి పగలగొట్టాడు. గుడ్డ అంటుకోలేదు. జనం చప్పట్లు కొట్టారు. నాటకం కన్నా ముందు దీపానికి చప్పట్లు పడ్డ రోజది.

కానీ ఆ ఊళ్లోనే పేరుమోసిన నటుడు హెన్రీ ఇర్వింగ్ తన లైసియం నాటకశాలలో గ్యాసునే పట్టుకు కూర్చున్నాడు. కొత్తదంటే తెలియక కాదు. గ్యాసు వెలుగులో ఉన్న మెత్తదనం, నీడల లోతు తొలినాటి బల్బులో లేవని అతని పట్టు. అతనితో నటించిన ఎలెన్ టెర్రీ కూడా కరెంటును ఇష్టపడలేదు. ప్రేక్షకులున్న వైపు చీకటి చేసి వేదిక ఒక్కదాన్నే వెలిగించడాన్ని ఆనవాయితీగా మార్చిన వాళ్లలో ఇర్వింగ్ ముఖ్యుడు. ఇవాళ మనం నాటకానికి వెళ్లి చీకట్లో కూర్చోవడం వెనక ఆ మొండితనం కొంత ఉంది. కొత్త యంత్రం వచ్చిందని పరుగెత్తకుండా, దాని వెలుగు మొహం మీద ఎలా పడుతుందో చూసి తేల్చుకున్నవాడిని వెనకబడ్డవాడని అనలేం.

తెలుగునాట కరెంటు పట్నాలకు చేరినా, పల్లెల్లో నాటకానికి దశాబ్దాల పాటు పెట్రోమాక్సే దిక్కు. జర్మనీలో పుట్టిన ఈ దీపంలో కిరసనాయిలు పంపు ఒత్తిడికి ఆవిరై మండి, మాంటిల్ అనే జాలీ సంచిని కాలుస్తుంది. థోరియం, సీరియం ఆక్సైడ్లు పట్టించిన ఆ జాలీ తెల్లగా వెలుగుతుంది. ఈ మాంటిల్ కనిపెట్టినవాడు ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ఆవర్. పల్లెటూరి నాటకం మీద అతని ప్రభావం ఏ నాటకకర్త ప్రభావానికీ తీసిపోదని చెప్పవచ్చు. లైటు వంకెకు వేలాడుతుంది. మధ్యమధ్యలో ఒకడొచ్చి పంపు కొట్టాలి. వెలుతురు తగ్గుతూ వస్తుంటే పద్యం ఎత్తుకున్న నటుడు కళ్లతోనే సైగ చేస్తాడు. మాంటిల్ బూడిదే గనక పురుగు తగిలినా రాలిపోతుంది, అప్పుడు వేదిక సగం చీకటి.

పద్యనాటకానికి ఇది నప్పింది. అక్కడ జనానికి కావలసింది పాడేవాడి మొహం, ఆ తర్వాత వన్స్ మోర్. వేదికంతటా ఒకే తీరుగా తెల్లటి వెలుతురు ఉంటే చాలు, శ్రీకృష్ణుడు ముందుకొచ్చి రాగం తీస్తాడు. వెనక గుడ్డ మీద గీసిన రాజమహలు కూడా అంతే తెల్లగా వెలిగి, గుడ్డ ముడతలతో సహా కనపడేది. దాన్ని తప్పుపట్టినవాడు లేడు. నీడలూ మసకలూ కోరుకునే నాటకం వేరు, దాని దారి వేరు.

ఆ రెంటికీ మధ్య సురభి ఉంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ ఆడి మొదలైన ఈ కుటుంబ సమాజానికి మూలపురుషుడు వనారస గోవిందరావు. ఆ కుటుంబం అంతకు ముందు తోలుబొమ్మలాడించిన కుటుంబమే. ఇది చిన్న విషయం కాదు. తెర వెనక వెలుగును వేలి కొసల మీద ఆడించినవాళ్లు తెర ముందుకు వచ్చి నాటకం కట్టారు. అందుకే కాబోలు సురభివాళ్ల మాయలు ఎక్కడా అతికించినట్టు ఉండవు. మాయాబజారులో ఘటోత్కచుడి మాయలు, ఆకాశం నుంచి దిగే నారదుడు, గాల్లో ఢీకొని నిప్పులు కక్కే బాణాలు, వేదిక మీద వాన.

ఈ మాయలన్నిటికీ ఆయువుపట్టు తీగ కనపడకపోవడంలో ఉంది. తీగ కనపడకూడదంటే దాని వెనకున్న తెర మీద వెలుగు పడకూడదు. నటుడి మీద మాత్రం పక్కల నుంచి, పై నుంచి పడాలి. వెనక నల్లగా ఉంటే సన్నటి తీగ ఆ నలుపులో కలిసిపోతుంది. పొరపాటున వెనక లైటు ఒకటి వెలిగిందా, నారదుడు బట్టలారేసే తాడుకు వేలాడుతున్నట్టు తేలిపోతాడు. ఇది పుస్తకం చదివి నేర్చిన విద్య కాదు, తాత చెబితే మనవడు నేర్చిన విద్య. 1996లో బి.వి. కారంత్ వచ్చి సురభివాళ్లతో కొత్త నాటకాలు చేయించాడు. బ్రెహ్ట్ నాటకం ఆధారంగా బస్తీ దేవత యాదమ్మ ఆడించాడు. జాతీయ స్థాయి దర్శకుడు వెతుక్కుంటూ వచ్చింది ఆ చేతిపనితనం కోసమే. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి నడిపిన సురభి బాబ్జీ అనే రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. తెర వెనక లైటు, తీగ పట్టుకున్నవాళ్ల పేర్లు మాత్రం ఆ కుటుంబాలకే తెలియాలి.

వెలుతురు వేసేవాడికి సొంత పేరు దొరికిన ఊరు మన దేశంలో కలకత్తా. అమెరికాలో ఆధునిక పద్ధతులు నేర్చి 1931లో తిరిగొచ్చిన సతు సేన్ రంగ్‌మహల్ థియేటర్‌లో దేశంలోనే మొదటిదని చెప్పే తిరిగే వేదికను కట్టించాడు. ఆయన తర్వాత వచ్చిన తాపస్ సేన్ దారి వేరు. 1924లో అస్సాంలోని ధుబ్రిలో పుట్టి, ఢిల్లీలో పెరిగి, 1947లో కలకత్తా చేరాడు. చేతిలో డబ్బు లేదు, మార్కెట్లో మంచి లైట్లు లేవు. ఖాళీ రేకు డబ్బాలు కోసి అందులో బల్బులు బిగించి స్పాట్‌లైట్లు చేసుకున్నాడు. శంభు మిత్రా దర్శకత్వంలో 1954లో బహురూపీ బృందం ఆడిన రక్తకరబి నాటకానికి వెలుతురు అతనిదే.

1959లో మినర్వా థియేటర్‌లో ఉత్పల్ దత్ ఆడించిన అంగార్ బొగ్గుగని కార్మికుల కథ. చివర్లో గనిలోకి నీళ్లు ముంచెత్తుతాయి. వేదిక మీద నీటిచుక్క లేదు. మెల్లగా పైకి పాకే వెలుగూ నీడలూ, రవిశంకర్ సంగీతం, ఊపిరాడక గిలగిలలాడే నటులు. జనం కుర్చీల్లో బిగుసుకుపోయారు. అదే ఏడాది విశ్వరూపా థియేటర్‌లో సేతు నాటకంలో రైలు దూసుకొస్తున్నట్టు భ్రమింపజేశాడు. దాంతో పత్రికా ప్రకటనల్లో లైటింగ్ చేసినవాడి పేరు పడటం మొదలైంది. నాటకం చూడటానికి కాదు, లైట్లు చూడటానికి జనం వస్తున్నారనే విమర్శ కూడా మొదలైంది. విమర్శలో నిజముంది. రైలు గుర్తుండి కథ గుర్తులేని ప్రేక్షకులు అప్పుడూ ఉన్నారు. అయితే అంగార్ విషయంలో ఆ మాట నిలవదు. అక్కడ నీళ్లు పైకొస్తుంటే భయపడింది లైటును చూసి కాదు, లోపలున్న మనుషుల కోసం. సాంకేతికత, సౌందర్యం కలిశాయా లేదా అని అడిగేవాళ్లు ఈ రెండు నాటకాలను పక్కపక్కన పెట్టి చూడాలి. తాపస్ సేన్‌కు 1974లో సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. 2006లో చనిపోయే దాకా పనిచేస్తూనే ఉన్నాడు.

తాపస్ సేన్ లాంటివాళ్ల ఆలోచనకు ఐరోపాలో ఆద్యుడు స్విస్ దేశస్థుడు అడాల్ఫ్ అపియా. గీసిన తెరలు వద్దు, వెలుగే రంగస్థలాన్ని కట్టాలి, సంగీతంలా కదలాలి అన్నాడు. 1912, 1913ల్లో జర్మనీలోని హెల్లెరౌలో గోడలకూ కప్పుకూ తెల్లటి గుడ్డ పరిచి, దాని వెనక వేలాది బల్బులు పెట్టి హాలు మొత్తాన్ని వెలుగుతో నింపారు. గుడ్డ వెనక దీపం పెట్టడం నిమ్మలకుంటవాళ్లకు కొత్తగా తోచే సంగతి కాదు.

తెలుగు పరిషత్తు నాటకాల నాటికి ఫోకస్ లైట్లు, రంగుల జిలెటిన్ కాగితాలు, డిమ్మర్లు వచ్చాయి. దిగుమతి డిమ్మర్ కొనే స్తోమత ఎవరికీ లేదు. దేశంలో చాలాచోట్ల ఔత్సాహికులు కుండలో ఉప్పునీళ్లు పోసి, రెండు లోహపు పలకలు వేలాడదీసి, ఒకదాన్ని లోపలికి దించుతూ, పైకి తీస్తూ లైటును పెంచేవారు, తగ్గించేవారు. పలక మునిగేకొద్దీ కరెంటుకు దారి పెరిగి బల్బు వెలుగుతుంది. కాసేపటికి నీళ్లు మరిగేవి. చేయి తగిలితే షాకు. ఏడుపు సన్నివేశంలో మెల్లగా కమ్ముకునే చీకటి వెనక పొగలు కక్కే ఆ కుండ దగ్గర ఒకడు చెమటలు కక్కుతూ కూర్చుని ఉండేవాడు.

ఇప్పుడు లాప్‌టాప్ వచ్చింది. 1986లో అమెరికాలో తయారైన డీఎంఎక్స్ 512 అనే పద్ధతిలో ఒకే తీగ మీద 512 ఛానళ్లకు ఆజ్ఞలు పంపవచ్చు. నీలి ఎల్‌ఈడీ కనిపెట్టిన ముగ్గురికి 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. దాని పుణ్యమా అని ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి ఏ రంగు కావాలంటే ఆ రంగు పుట్టించవచ్చు. కరెంటు ఖర్చు తక్కువ, వేడి తక్కువ. ఒక చిక్కుంది. పాత టంగ్‌స్టన్ బల్బులో అన్ని రంగులూ ఎడతెగకుండా ఉంటాయి. చవక ఎల్‌ఈడీలో కొన్ని రంగుల దగ్గర ఖాళీలుంటాయి. చిలకపచ్చ పట్టుచీర దాని కింద బూడిద కొట్టుకుపోవచ్చు, పారాణి నల్లబడవచ్చు. పైగా మీట నొక్కితే లక్ష రంగులు వస్తాయి గనక లక్షా వాడేస్తున్నారు. సత్యభామ అలకకు ఊదా, విరహానికి నీలం, అన్నిటి మధ్య తిరిగే లైట్లు, పొగయంత్రం. నర్తకి కళ్లు ఏం చెబుతున్నాయో కనపడదు. దివిటీవాడు అభినయం పట్టేటప్పుడు దగ్గరికి జరిగింది ఆ కళ్ల కోసమే.

నాటకాల రాతప్రతులు అచ్చయ్యాయి, పద్యాలు రికార్డులకెక్కాయి, నటుల జీవితచరిత్రలు వచ్చాయి. లైట్ల సంగతి ఎవరూ రాసిపెట్టలేదు. పెట్రోమాక్సుకు పంపు కొట్టినవాళ్లు, ఉప్పునీటి కుండ దగ్గర కూర్చున్నవాళ్లు, సురభి డేరాల్లో తీగలకు వెలుతురు తప్పించినవాళ్లు ఇంకా కొందరు మన ఊళ్లలో ఉన్నారు, వాళ్లకు వయసు మీద పడుతోంది. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఎవరైనా ఉంటే ఓ సాయంత్రం కూర్చుని, ఏ నాటకానికి ఏ లైటు ఎక్కడ కట్టారో అడిగి రాసుకోండి. ముందు వాళ్ల పేరు రాయండి.